షూరిటీ ఎవరమ్మా?

మొన్న ఓ నాయకుడు బెయిలు మీద బయటికొస్తే జైలు గేటు నుంచి ఇంటిదాకా ఊరేగింపు, గజమాలలు, బాణసంచా. మర్నాడు పనిమీద మా ఊరి కోర్టుకెళ్తే, వేపచెట్టు కింద ఒకావిడ కొంగుమూటలోంచి కాగితాలు తీసి వకీలు గుమస్తాకు చూపిస్తోంది. చిన్న దొంగతనం కేసు. కొడుక్కి బెయిలొచ్చి పద్దెనిమిది రోజులైంది. పిల్లాడు ఇంకా లోపలే ఉన్నాడు. ఇద్దరు షూరిటీలు కావాలట. వాళ్లకు సొంతిల్లుండాలి, ఇంటి పన్ను రసీదుండాలి. ఈవిడ చుట్టాలంతా అద్దె రేకుల ఇళ్లవాళ్లే.

2012లో దేశంలో విచారణ ఖైదీలు రెండున్నర లక్షలు. 2022 చివరికి 4,34,302. జైళ్లలో నలుగురిలో ముగ్గురు శిక్ష పడనివాళ్లే. బెయిలే నియమం, జైలు మినహాయింపు అని జస్టిస్ కృష్ణయ్యర్ 1977లోనే అన్నారు. ఆ మాట తల్చుకుని మరీ బెయిలు కొట్టేసేవాళ్లకు ఇప్పుడు కొదవలేదు.

అయినా నా కోపం ఈ షూరిటీ మీదే. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిలిస్తే, మధ్యప్రదేశ్‌లో కింది కోర్టు పదివేలకు షూరిటీ అడిగింది. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదు పొమ్మంది. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమని మళ్లీ కృష్ణయ్యరే చెప్పాల్సి వచ్చింది. బస్తర్‌లో పట్టుబడ్డ తెలుగువాడు అక్కడి ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడనీ ఆ తీర్పులోనే అడిగారు. ఎక్కడి బస్తరో దేనికి, సొంతూళ్లోనే దొరకడం లేదు. దొరికేది కోర్టు గేటు దగ్గర, అద్దెకి.

బెయిలొచ్చి వారమైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెలైనా షూరిటీ దొరక్కపోతే షరతు సడలించే సంగతి కోర్టే ఆలోచించవచ్చంది. ఈవిడకా సంగతి ఎవరు చెప్పారు? చేతిలోని బెయిలు ఉత్తర్వేమో ఇంగ్లీషు. జడ్జీ, వకీలూ, జవానూ, ముద్దాయీ అందరూ తెలుగువాళ్లే, కాగితం మాత్రం ఇంగ్లీషులో పుట్టాలి! పెద్ద తీర్పుల తెలుగు అనువాదాలు వెబ్‌సైట్లో పెడుతున్నారు, సంతోషం. వేపచెట్టు కిందికి వచ్చే ఒక్క పేజీని తెలుగులో రాయలేరా?

చదివి చెప్పమని ఆవిడ ఆ కాగితం నా చేతికిచ్చింది. ఒక్కొక్క షూరిటీ పదివేలకు. మోతీరామ్‌ను అడిగిన మొత్తమే.