వేరా నేర్చిన చదువు



గాబోర్ పాల్ దర్శకత్వంలో వచ్చి, 1979లో కాన్ చిత్రోత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి పొందిన ‘అంగి వేరా’ అనే హంగేరియన్ చలనచిత్రాన్ని అందరూ రాజకీయ చిత్రమంటారు. బడిపంతులునైన నాకు మాత్రం అది చదువును గూర్చిన చిత్రంగా తోచింది. (హంగేరియనులు మనవలెనే ఇంటిపేరును ముందు వ్రాస్తారు. అంగి ఇంటిపేరు, వేరా అమ్మాయి పేరు.)

కథాకాలం 1948. సోషల్ డెమోక్రాట్లను తమలో కలుపుకొని హంగేరీ కమ్యూనిస్టులు అధికారాన్ని పూర్తిగా చేజిక్కించుకొన్న సంవత్సరమది. ఆసుపత్రిలో పనిచేసే వేరా ఒక సమావేశంలో లేచి, అక్కడి అన్యాయాలను పైవారి ఎదుటనే చెబుతుంది. ఆ ధైర్యానికి మెచ్చి పార్టీ ఆమెను మూడు నెలల శిక్షణకు పంపుతుంది.

అక్కడ ఆమెకు ఎవరూ అబద్ధమాడటం నేర్పరు. బెత్తమూ లేదు, చెరసాలా లేదు. త్రయాన్ అన్నా అనే పార్టీ పెద్ద చల్లని చూపు మాత్రం ఉన్నది. ఏ మాటకు ఆ ముఖం వికసిస్తుందో, ఏ మాటకు ముడుచుకొంటుందో వేరా త్వరలోనే గ్రహిస్తుంది. తరగతి గదిలో జీవితం గడిపిన వారికి ఇట్టి విద్యార్థి సుపరిచితుడే. ప్రశ్న వినగానే పాఠాన్ని తలచుకోడు, అయ్యవారి కనుబొమల వంక చూస్తాడు. మార్కులూ వానికే ఎక్కువ వస్తాయి.

ఆ తరువాత ఆత్మవిమర్శ సభ. వివాహితుడైన తన గురువు ఇష్త్వాన్‌తో వేరా ప్రేమలో పడింది. ఆ రహస్యాన్ని అందరి ఎదుట తానే బయటపెడుతుంది. దెబ్బ అతనికి తగులుతుంది, ఆమెకు పత్రికారంగంలో స్థానం లభిస్తుంది.

ఆత్మవిమర్శ అన్నది మన వామపక్షాల వారి నోటా తరచుగా వినిపించే మాటే. సమాసార్థాన్ని బట్టి విమర్శించేదీ, విమర్శకు గురయ్యేదీ ఒకే ఆత్మ కావాలి. ఆ సభలో విమర్శకులు ఎదుట కూర్చొని ఉన్నారు, ఆత్మ వారికి పాఠం అప్పజెబుతున్నది.

వేరాను అవకాశవాది అని తేల్చివేసే వారితో నేను ఏకీభవించను. అవకాశవాదికి తానాడుతున్నది నాటకమని తెలుసు. వేరా పాత్ర ధరించిన పాప్ వెరోనికా ముఖంలో ఆ ఎరుక కానరాదు. నమ్మి చెప్పిందో, మెప్పుకోసం చెప్పిందో ఆమెకే తెలియదనిపిస్తుంది. నన్ను భయపెట్టినది అదే. మొదటి సమావేశంలో నిజం చెప్పినప్పుడు ఆమెకు పోవటానికి ఉద్యోగమున్నది. రెండవసారి చెప్పినప్పుడు రావటానికి ఉన్నది.

ముష్కాత్ మారియాను గురించి చెప్పక తప్పదు. మనసులోని మాటను దాచుకోలేని శ్రామికస్త్రీ ఆమె, శిక్షణకాలంలో వేరాకు ఆప్తురాలు. చివరి దృశ్యంలో వేరా, అన్నాతో కలిసి కారులో వెళుతుంటుంది. దారిలో మారియా సైకిలు తొక్కుకొంటూ కనిపిస్తుంది. వేరా ఆమెను చూస్తుంది. కారు దాటిపోతుంది.