సూది దిక్కు మరచిన క్షణము

తలుపులు మూసి, కిటికీలకు నల్లతెరలు దించి, గాలిని, వెలుతురును, దుమ్మును బయటనే నిలిపితినని తృప్తిపడు పరిశోధకుని వెన్నంటి, గోడను గాజును లెక్కసేయక లోనికి వచ్చి బల్లమీద నిలుచునది యొకటి కలదు. అది భూమి అయస్కాంత క్షేత్రము. తెలుగునేలపై దాని బలము సుమారు 40 మైక్రోటెస్లాలు. బీరువా తలుపును పట్టియుంచు అయస్కాంతపు బిళ్ళతో పోల్చినచో అత్యల్పమే. కాని 100 వోల్టులతో వేగము పొందిన ఎలక్ట్రాను ఈ క్షేత్రమునకు అడ్డముగా శూన్యనాళికలో 10 సెంటీమీటర్లు సాగునప్పటికి తన దారినుండి ఇంచుమించు 6 మిల్లీమీటర్లు తొలగిపోవును. మిల్లీమీటరులో పదవవంతును కొలువదలచినవాని గతి యేమి?

మన డిగ్రీ కళాశాలలలో ఈ క్షేత్రము కొలబద్దగానే తప్ప విఘ్నముగా పరిచయము కాదు. టాంజెంట్ గాల్వనామీటరును త్రిప్పి సూదిని సున్నకు తెచ్చుట, దాని క్షితిజసమాంతర భాగమునకు పట్టికలోని 0.38 గాస్ అను విలువను రికార్డులో వ్రాయుట, అంతటితో సరి. నేను చదువుకొన్న చోట బల్లక్రింద ఇనుప స్టూలొకటి ఉండెడిది. దానిని ఎవరైన కాలితో జరిపిన, పైన సూది రెండు మూడు డిగ్రీలు కదలెడిది. గది మారిన విలువయు మారునని, ముందు దానిని అక్కడనే కొలిచి చూడవలెనని మాకెవ్వరును చెప్పలేదు. ఈ లోటు నేటికిని తీరలేదన్నదే నా బాధ.

జపానులోని కమియోక గని చూడుడు. కొండక్రింద కిలోమీటరు లోతున, 50,000 టన్నుల నీరు నింపిన తొట్టిలో, న్యూట్రినోల జాడగా పుట్టు క్షీణకాంతిని పట్టుటకు, అర మీటరు వ్యాసము గల కాంతిగ్రాహక నాళికలు పదకొండువేలకు పైగా అమర్చబడియున్నవి. ఒక్కొక్క నాళికలో కాంతికణము తగిలి వెలువడిన ఎలక్ట్రాను గాజుబుగ్గ అంచునుండి నడుమనున్న లోహపలకను చేరవలెను. భూక్షేత్రము దానిని దారి తప్పించినచో ఆ కాంతి లెక్కలోనికే రాదు. అందువలన తొట్టిగోడల వెంట 26 తీగచుట్టలను పరచి, వానిలో విద్యుత్తును పంపి, 45 మైక్రోటెస్లాల క్షేత్రమును 5 ప్రాంతమునకు దించిరి. న్యూట్రినోలకు ద్రవ్యరాశి కలదని 1998లో లోకమునకు చాటిన ప్రయోగము ఈ జాగ్రత్తమీద నిలిచినది.

కవచముతో కాచుకొను పద్ధతియు కలదు. నికెలు విశేషముగా కలిసిన ఇనుపమిశ్రమము, మ్యూమెటల్, క్షేత్రరేఖలను తన గోడలోనికి లాగికొని లోపలి చోటును విడిచిపెట్టును. కాని చేజారి క్రిందపడినను, వంగినను దాని గుణము చెడును. హైడ్రోజనులో మరల కాల్చనిదే రాదు. పైగా వెల ఎక్కువ.

తీగచుట్టలకు ఆ భయము లేదు. 25 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల రెండు చెక్కవలయములను అంతే దూరమున ఎదురెదురుగా నిలిపి, ఒక్కొక్క దానికి 50 చుట్లు చుట్టినచో, ఆంపియరులో పావువంతుకన్న తక్కువ విద్యుత్తే ఇచ్చటి క్షేత్రమును ఎదిరింప చాలును. కావలసినది 160 మీటర్ల ఎనామిల్ రాగితీగ. మోటారు వైండింగు షాపులో దొరకును. మేకులు మాత్రము ఇత్తడివి కావలెను. ఒక జత క్షితిజసమాంతర భాగమునే అణచును, నిలువు భాగమునకు వేరొక జత కావలెను. పూటపూటకు మారు కొన్ని పదుల నానోటెస్లాల సంచలనము అప్పటికిని మిగులును. ఈ సంగతులును బోధింపదగినవే. పాఠ్యప్రణాళికా సంఘములు ఈ ప్రయోగమును డిగ్రీ ప్రాక్టికల్సులో చేర్చవలెనని, పిల్లలే తీగ చుట్టవలెనని నా కోరిక.

చుట్టల అక్షమును ఉత్తరదక్షిణములుగా నిలిపి, నడుమ దిక్సూచి నుంచి, విద్యుత్తును మెల్లగా పెంచుచు పోయినచో, మొదట చురుకుగా ఊగుచుండిన సూది క్రమముగా మందగించి, ఒక్కొక్క ఊపునకు ఎక్కువ కాలము తీసికొనును. ఇంకొంచెము పెంచిన, ఉత్తరము మాట మరచి, వ్రేలితో ఎటు త్రిప్పిన అటే నిలుచును.