నల్లరేగడికి మందు మన ఊకలోనే



తెనాలి, రేపల్లె, బాపట్ల పరిసరముల నల్లరేగడి వరిపైరుకు తల్లి. ఇంటిగోడకు మాత్రము శత్రువు. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి, కష్టార్జితముతో కట్టిన ఇంటిని చీల్చును; డొంకలను క్రుంగదీయును.

దీనికి మందు మన ధాన్యమునందే యున్నది. 100 కిలోల ధాన్యమునకు సుమారు 20 కిలోల ఊక, దానిని కాల్చిన 4 కిలోల బూడిద వచ్చును. అందు అధికభాగము సిలికా. సున్నముతోను, తేమతోను కలిసి అది సిమెంటువలె మట్టిని పట్టియుంచును. బూడిద ఒక్కటియే చాలదు, సున్నము తప్పనిసరి. సరిగా కాలని నల్లబూడిద అంతగా పట్టదు. పాళ్లను మట్టి పరీక్ష చేయించియే నిర్ణయింపవలెను. కలిపిన మట్టిని దిమ్మిసతో గట్టిపరచి, కొన్నాళ్లు తడి ఆరనీయరాదు.

గ్రామాధికారులారా! ఏటేట గుంతలు పూడ్చుటకన్న, గ్రావెలు పోయుటకు ముందే డొంక అడుగును ఇట్లు బలపరచుట మేలు. మిల్లు బూడిదను కాలువగట్టున పోయనీయకుడు, పునాదికి చేర్పించుడు.