కారు ఆగే చోటు సైకిల్‌కు ఇవ్వాలి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైకప్పు మీద 16 మెగావాట్ల కరెంటు తయారవుతుంది. కట్టడం బాగుంది, కాదనం. పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవాళ్లకు అంతకన్నా మంచి చోటు దొరకదు. పనికి పోయేవాడికి మాత్రం అది ఎందుకూ కొరగాదు. అతను ఉండే బస్తీకీ పనిచేసే చోటికీ మధ్య అలాంటి దారి జానెడు కూడా లేదు.

ఈ మాట మేం కొనకనమిట్ల నుంచి అడగడానికి కారణం ఉంది. వానలు మొహం చాటేసినప్పుడల్లా కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి జనం హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. కొందరు బేల్దారి పనుల్లో, కొందరు అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్‌లుగా కుదురుకుంటున్నారు. బండి కొనే స్తోమత లేనివాళ్లకు ఇప్పటికీ సైకిలే దిక్కు.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్ రోడ్డుకు ఎడమ అంచున తొక్కుతాడు. అక్కడ తారుకూ మట్టికీ నాలుగు వేళ్ల ఎత్తు తేడా. చక్రం జారితే పడటమే. కాస్త ముందుకెళ్తే వరసగా నిలిపిన కార్లు. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందోనని కుడికి జరిగితే వెనక సిటీ బస్సు హారన్. ఫ్రీ లెఫ్ట్ దగ్గర నేరుగా పోవాల్సిన అతను ఎడమకు తిరిగే కార్ల మధ్య ఇరుక్కుంటాడు. ఆగితే తిట్లు, ఆగకపోతే ప్రాణం మీదికి.

సైకిల్ దారి మాటెత్తగానే కార్లున్నవాళ్లు ఉన్న రోడ్డే చాలడం లేదంటారు. చాలకుండా చేసింది సైకిళ్లా? రోడ్డు స్థలాన్ని పంచేటప్పుడు వాహనాలను కాదు, మనుషులను లెక్కలోకి తీసుకోవాలని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది. వ్యాపారుల భయం వేరు. గిరాకీ పోతే వాళ్ల కడుపు మీద దెబ్బే. సరుకు దించుకోవడానికి వేళలు పెట్టి వాళ్లకు చోటివ్వాలి. అంతేగానీ ఒక్కరి కారు పొద్దస్తమానం నిలబడటానికి ప్రజల రోడ్డు ఎందుకు ఇవ్వాలి?

ఎండల్లో ఎవరు తొక్కుతారన్నది మరో వాదన. తొక్కేవాళ్లు ఇప్పుడూ తొక్కుతూనే ఉన్నారు, నీడా రక్షణా లేకుండా. నెదర్లాండ్స్ కూడా పుట్టుకతో సైకిళ్ల దేశంగా నిలబడలేదు. కార్లు పెరిగి 1971లో ఒక్క ఏడాదే మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. వాళ్లలో పిల్లలే 400 మందికి పైగా. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడితేనే అక్కడి ప్రభుత్వాల తీరు మారింది.

హైదరాబాద్‌లో ముందుగా రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా సైకిల్‌కు దారి వేయాలి. రోడ్డు మీద గీత గీసి సైకిల్ బొమ్మ వేస్తే సరిపోదు, సాయంత్రానికల్లా దాని మీద ఆటోలు ఆగుతాయి. కాంక్రీటు గట్టు కట్టి, రోడ్డు పక్క పార్కింగ్ ఎత్తేసి, ఆ స్థలం సైకిల్‌కు ఇవ్వాలి. బస్తీల నుంచి పనిచోట్లకు పోయే మిగతా రోడ్లకూ ఇదే పద్ధతి రావాలి.

మన దగ్గర పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. గతంలో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు, తొక్కడానికి చోటు మాత్రం చూపలేదు. పొదిలి-మార్కాపురం రోడ్డు మీద లారీ ఎదురొస్తే పిల్లలు మట్టిలోకి దిగాల్సిందే. ఈ రోడ్డుకు మళ్లీ పనులు చేపట్టినప్పుడు, కొనకనమిట్ల మండలంలో బడి ఉన్న ప్రతి ఊరి దగ్గరా రెండు వైపులా సైకిల్ పట్టేంత గట్టి అంచు వేయాలి. ఆ ఖర్చును రోడ్ల అధికారులు మొదటి అంచనాల్లోనే చేర్చాలి.