పీఆర్ అమ్మబడును

మాదాపూర్‌లో మా ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒక హోర్డింగు ఉంది. ఎర్రటి మేపుల్ ఆకు, పక్కన నవ్వుతున్న మొగుడూ పెళ్ళాం, వాళ్ళ భుజాల మీద ఒక పిల్లాడు, కింద "కెనడా పీఆర్, 100% గ్యారంటీ". రెండేళ్ళుగా రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని దాన్నే చూస్తున్నా. గ్యారంటీ అంటే ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఒక దేశం ఎవర్ని రానివ్వాలో అమీర్‌పేటలో మూడో అంతస్తులో కూర్చున్నవాడు ఎలా గ్యారంటీ ఇస్తాడండీ?

ఇదంతా ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తా. నా ఇంజనీరింగ్ స్నేహితుడొకడికి కెనడా అయిదేళ్ళ నిషేధం వేసింది. వాడు దొంగ కాదు. కోడ్ రివ్యూలో ఒక స్పేస్ ఎక్కువైతే వెనక్కి పంపించే రకం. అలాంటివాడు తన జీవితానికి సంబంధించిన అప్లికేషన్‌లో ఏం రాశారో ఒక్కసారి కూడా చదవలేదు. నా కోపం సగం కన్సల్టెన్సీ మీద, సగం వాడి మీద. వాడి మీద అంటే మనందరి మీదా అనుకోండి.

ముందు లెక్క చూద్దాం. మనం ఇంజనీర్లం, లెక్కంటే మనకి భయం ఉండకూడదు. కెనడా 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుపుతోంది. వయసుకి ఇన్ని, చదువుకి ఇన్ని, ఇంగ్లీషుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని అని పాయింట్లు వేసి, అప్పుడప్పుడూ డ్రా తీసి, కటాఫ్ దాటినవాళ్ళని పిలుస్తారు. ఇందులో రహస్యం ఏమీ లేదు. పాయింట్ల పట్టిక మొత్తం ప్రభుత్వం సైటులోనే ఉంది, ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవచ్చు.

నా సంగతే చూడండి. పెళ్ళి కాలేదు, ముప్ఫై దాటలేదు కాబట్టి వయసుకి 110. బీటెక్‌కి 120. ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ కనీసం 7 వస్తే సీఎల్‌బీ 9 అంటారు, దానికి 124. బీటెక్కూ మంచి ఇంగ్లీషూ కలిసి ఉన్నందుకు ఇంకో 25. మూడేళ్ళకి మించిన అనుభవమూ ఇంగ్లీషూ కలిసి ఉన్నందుకు 50. మొత్తం 429. మళ్ళీ పరీక్ష రాసి నాలుగింట్లోనూ ఇంకో మెట్టు పైకి ఎక్కితే 441. అంతే! అక్కడితో నా సత్తా అయిపోయింది. ఇంకో పదేళ్ళు ఇక్కడే ఉద్యోగం చేసినా అనుభవం పాయింట్లు పెరగవు, వయసు పాయింట్లు మాత్రం ముప్ఫై నుంచి ఏటా తగ్గుతాయి.

ఇప్పుడు కటాఫ్ సంగతి. కరోనా తర్వాత 2022 జులైలో డ్రాలు మళ్ళీ మొదలెట్టాక, అందరికీ కలిపి తీసిన డ్రాల్లో కటాఫ్ 481 కంటే కిందికి దిగలేదు. అది కూడా 2023 మార్చిలో ఒకసారి. 2024 మొదట్లో అయితే 540 కూడా దాటింది. 2023లో సైన్స్, టెక్నాలజీ వాళ్ళకని విడిగా డ్రాలు పెట్టారు, వాటిల్లోనూ 481 కంటే తగ్గలేదు. పైగా 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాలోంచి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లనీ, డెవలపర్లనీ తీసేశారు. అంటే ఒక్క బీటెక్ చేతిలో పెట్టుకుని, ఫ్రెంచి రాకుండా, అక్కడ ఒక్కరోజు పనిచెయ్యకుండా, హైదరాబాద్‌లో కూర్చుని అప్లై చేసే నాలాంటివాడికి మామూలు దారిలో తలుపు తెరుచుకోదు. ఏదైనా ప్రావిన్స్ నామినేషన్ ఇస్తే 600 పాయింట్లు కలుస్తాయి, అదొక్కటే ఆశ. ఈ లెక్కంతా వెయ్యడానికి నాకు అరగంట పట్టింది.

ఇదే ప్రశ్న పట్టుకుని ఆ హోర్డింగు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళా. సరదాకేమీ కాదు, నిజంగానే వెళ్దామనుకున్న రోజులవి. ఒకమ్మాయి నవ్వుతూ కూర్చోబెట్టి, "సార్, మీ ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్ సార్, 2021లో 75 పాయింట్లకే పిలిచారు సార్" అంది. నిజమే, 2021 ఫిబ్రవరిలో 75 కటాఫ్‌తో 27,332 మందిని పిలిచారు. కానీ అది అప్పటికే కెనడాలో పనిచేసి అనుభవం ఉన్నవాళ్ళకి పెట్టిన డ్రా. బయటి దేశాల నుంచి ఎవరూ రాలేని రోజుల్లో, లోపల ఉన్నవాళ్ళని నిలుపుకోడానికి తీసింది. ఆ మాటే అన్నా. ఆ అమ్మాయి నవ్వు ఆపలేదు. "రిజిస్ట్రేషన్ ఈరోజు చేసుకుంటే డిస్కౌంట్ ఉంది సార్."

ఆ అమ్మాయిని అనడానికేం లేదు, నెలకి ఇంతమందిని చేర్పించాలని పైనుంచి టార్గెట్. జీతం ఎంతో కూడా ఊహించగలను.

సరే, నా స్నేహితుడి కథ. వాడు ఎంటెక్ చేశాడు, కాబట్టి నాకంటే కాస్త మెరుగు. రెండు సంవత్సరాల ఏడు నెలల అనుభవం. దానికి ముందు ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు, వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగోక ఊళ్ళోనే ఉండిపోయాడు. నిజం నిజంగా రాస్తే వాడి స్కోరు 444. మూడేళ్ళు నిండితే అనుభవానికి 25 బదులు 50 వస్తాయి. ఇంకో అయిదు నెలలు ఆగితే అవే వచ్చేవి. కన్సల్టెన్సీ వాళ్ళు ఆగనివ్వలేదు. ఆ ఎనిమిది నెలలూ ఏదో కంపెనీలో చేసినట్టు ఒక లెటరు తయారు చేశారు. వాడికి చెప్పారా అంటే చెప్పారు. "గ్యాప్ కవర్ చేస్తాం సార్, అందరికీ చేసేదే" అన్నారట. వీడు తలూపాడు.

ఎందుకు తలూపాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటరు మన ఊళ్ళో పాపం కింద లెక్క కాదు. ఎస్సార్‌నగర్ హాస్టళ్ళలో అదొక ఉమ్మడి సంస్కృతి. సీనియర్ జూనియర్‌కి నోట్సు ఇచ్చినంత మామూలుగా ఫలానా చోట పెట్టించుకోరా అని చెప్తాడు. ఇక్కడ దొరికితే ఉద్యోగం పోతుంది, ఇంకోటి వెతుక్కుంటాం. దేశాలు అలా ఊరుకోవు.

వాడి అప్లికేషన్ 2024లో వెళ్ళింది. వాళ్ళే ఒక మెయిల్ ఐడీ సృష్టించి, దాంతోనే ఖాతా తెరిచారు. పాస్‌వర్డ్ వాడికి ఇవ్వలేదు. "సెక్యూరిటీ కోసం సార్" అన్నారట! ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ బయటివాడి చేతికి ఇస్తే మనం ఎంత గొడవ చేస్తాం? ఇక్కడ తన పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేలిముద్రలకి సంబంధించిన ఉత్తరాలు అన్నీ ఉన్న ఖాతాకి తనకే తాళం చెవి లేదు.

ఆఫీసరుకి ఆ లెటరు మీద అనుమానం వచ్చింది. అనుమానం వస్తే అక్కడ వెంటనే కొట్టిపారెయ్యరు. "మీ మీద ఫలానా సందేహం ఉంది, మీరేమంటారు" అని ముందు ఒక ఉత్తరం రాసి గడువిస్తారు. నిజం ఒప్పుకోడానికైనా, వివరణ ఇచ్చుకోడానికైనా ఉన్న అవకాశం అదే. ఆ ఉత్తరం వచ్చింది, ఆ మెయిల్ ఐడీకి. వాళ్ళు చూశారో లేదో, చూసి ఊరుకున్నారో తెలీదు. గడువు దాటిపోయింది. తర్వాత వచ్చింది తిరస్కరణ, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు కెనడా ఇమ్మిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద అయిదేళ్ళ నిషేధం. ఇది కూడా వాడికి చెప్పలేదు. "ప్రాసెస్‌లో ఉంది సార్" అంటూనే రెండు నెలలు నడిపారు. వాడే విసిగిపోయి, గొడవ పెట్టుకుని, ఆ ఐడీ తీసుకుని తెరిచి చూస్తే బయటపడింది.

వాడు నాకు ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు, "మామా, నాన్న దగ్గరున్న ఎనిమిది నెలల్ని నేను అబద్ధంగా మార్చుకున్నాన్రా" అని. నాకేం చెప్పాలో తోచలేదు.

కన్సల్టెన్సీని పట్టుకుందామని వెళ్తే వాళ్ళు చూపించిన కాగితంలో, సమాచారానికి పూర్తి బాధ్యత అభ్యర్థిదే అని ఉంది, కింద వీడి సంతకం. నిజానికి కెనడా చట్టం కూడా అదే అంటుంది. ఎవరు నింపినా, పేరు ఎవరిదో బాధ్యత వాళ్ళదే. ఇంకో సంగతి చూడండి. డబ్బు తీసుకుని కెనడా ఇమ్మిగ్రేషన్ పని చెయ్యాలంటే అక్కడి లాయరో, లైసెన్సున్న కన్సల్టెంటో అయ్యుండాలి. ఆర్‌సీఐసీ అంటారు. 2021 నవంబరు నుంచి వీళ్ళకి ఒక కాలేజీ ఉంది, అంటే చదువు చెప్పే కాలేజీ కాదు, మన బార్ కౌన్సిల్ లాంటిది. ఎవరి పేరైనా దాని సైటులో వెతికి చూసుకోవచ్చు. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకోవడం ఆ చట్టంలో 91వ సెక్షన్ ప్రకారం నేరం. అందుకే మనవాళ్ళు అప్లికేషన్‌లో ఎక్కడా తమ పేరు రానివ్వరు. మీరే నింపుకున్నట్టు మీ పేరుతో ఖాతా తెరుస్తారు. అక్కడి వాళ్ళు వీళ్ళకి పెట్టుకున్న పేరు ఘోస్ట్ కన్సల్టెంట్లు. దెయ్యానికి లక్షా అరవై వేలు కట్టాడు మావాడు.

"మాకు టైము ఎక్కడుందండీ, డబ్బు పారేస్తే వాళ్ళే చూసుకుంటారు" అంటారు కొందరు. సరే, వాళ్ళు ఏం చూసుకుంటారో చెప్పండి. ఐఈఎల్‌టీఎస్ మీరే రాయాలి. యూనివర్సిటీ చుట్టూ ట్రాన్‌స్క్రిప్టుల కోసం మీరే తిరగాలి. పోలీస్ క్లియరెన్స్‌కి 500 రూపాయలు కట్టి పాస్‌పోర్టు ఆఫీసులో మీరే నిలబడాలి. మెడికల్‌కి రక్తం మీదే. బ్యాంకులో డబ్బు మీదే, ఆరు నెలల సగటు నిల్వతో లెటరు తెచ్చేదీ మీరే. నేను చూసిన నాటికి, 2024 ఏప్రిల్‌లో పెంచిన తర్వాత, ప్రభుత్వానికి కట్టాల్సింది 950కి 575 కలిపి 1,525 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. అది కూడా మీ కార్డుతోనే. ఇక మిగిలిందల్లా ఫారం టైపు చెయ్యడం. రోజుకి తొమ్మిది గంటలు టైపు చేసి బతికే జాతి మనది!

న్యాయంగా ఒకటి ఒప్పుకుంటా. ఇంతకుముందు తిరస్కరణ ఉన్నవాళ్ళు, కోర్టు కేసులున్నవాళ్ళు, విడాకులై పిల్లల కస్టడీ తేలనివాళ్ళు మంచి లాయరుని పెట్టుకోవాల్సిందే. వాళ్ళకి ఆ ఫీజు దండగ కాదు. నేను మాట్లాడేది మనలాంటి పాస్‌పోర్టూ, డిగ్రీ, ఆఫర్ లెటరు తప్ప ఇంకేమీ లేని సాదాసీదా కేసుల గురించి.

పీఆర్ వచ్చేశాక కూడా వదలరు. మా పెద్దమ్మ కూతురికి నిజంగానే వచ్చింది, ప్రావిన్స్ నామినేషన్ మీద. 2024లో బావతో కలిసి టొరంటో వెళ్ళి, దిగినట్టు ముద్ర వేయించుకుని, రెండు వారాల్లో తిరిగొచ్చేసింది. ఇక్కడ ప్రాజెక్టు అయిపోయాక వెళ్దామని. పీఆర్ కార్డు అనే ప్లాస్టిక్ కార్డుని కెనడా బయటి అడ్రసుకి పంపరు. దిగిన 180 రోజుల్లోపు అక్కడి అడ్రసు ఒకటి ఇవ్వాలి. అక్క ఎవరో స్నేహితుల అడ్రసు ఇచ్చింది, వాళ్ళు ఇల్లు మారారు, కార్డు ఏమైందో తెలీదు. ఇక్కడ ఒక కన్సల్టెన్సీవాడు "ఇండియా నుంచే పీఆర్ కార్డు తెప్పిస్తాం, నలభై వేలు" అన్నాడు. అక్క ఇచ్చెయ్యబోయింది. కార్డుకి అప్లై చెయ్యాలంటే మనిషి కెనడాలో ఉండాలి. బయట ఉన్నవాళ్ళకి ఉన్నది ఒక్కసారి ప్రయాణానికి పనికొచ్చే వేరే కాగితం, దాన్ని పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ అంటారు, ఫీజు 50 డాలర్లు. యాభై డాలర్లెక్కడ, నలభై వేలెక్కడ! ఆ రోజు వాళ్ళింట్లో నేను ఉండబట్టి సరిపోయింది. కార్డు కాలం తీరినంత మాత్రాన పీఆర్ పోదనీ, అయిదేళ్ళలో 730 రోజులు అక్కడ ఉండకపోతే మాత్రం పోగొట్టుకోవాల్సి వస్తుందనీ చెప్తే అక్క మొహం చూడాలి. వాళ్ళ కన్సల్టెన్సీ ఆ రెండో మాట ఎప్పుడూ చెప్పలేదట.

మనకిది కొత్త పాఠం కూడా కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కాళ్ళకి రేడియో ట్యాగులు వేయించుకున్న పిల్లల్లో మనవాళ్ళే ఎక్కువ. 2019లో అమెరికా ప్రభుత్వమే ఉచ్చుగా పెట్టిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో దొరికినవాళ్ళలోనూ తెలుగువాళ్ళు బోలెడుమంది. రెండుసార్లూ టీవీల్లో వారం రోజులు చర్చలు పెట్టాం. "పాపం పిల్లలు" అన్నాం. పిల్లలు పాపమే, ఒప్పుకుంటా. కానీ ఏజెంటు చెప్పిందే వేదమని నమ్మే అలవాటు ఇంట్లోనే మొదలవుతోంది. పెళ్ళి బయోడేటాల్లో "కెనడా పీఆర్ ప్రాసెస్‌లో ఉంది" అని రాసుకునే కాలం వచ్చింది. నా బయోడేటాలోనూ మా అమ్మ అదే రాయించింది. 429 పాయింట్లతో ఏం ప్రాసెస్ అమ్మా అంటే, "వాళ్ళకి పాయింట్లు ఏం తెలుస్తాయిరా" అంది.

మావాడి నిషేధం 2029 చివరికి తీరుతుంది. అప్పటికి వాడికి వయసు పాయింట్లు బాగా తగ్గిపోతాయి. వేరే దేశానికి వెళ్దామన్నా, ఎప్పుడైనా వీసా తిరస్కరించారా అని అడిగిన ప్రతిచోటా అవును అని రాసి కారణం చెప్పుకోవాలి. కిందటి వారం వాడికి అదే కన్సల్టెన్సీ నుంచి మెసేజి వచ్చింది. "డియర్ సార్, జర్మనీ ఆపర్చునిటీ కార్డ్, 100% గ్యారంటీ, పాత కస్టమర్లకి ప్రత్యేక డిస్కౌంట్." నాకు ఫార్వర్డ్ చేశాడు, కింద ఏమీ రాయకుండా.