చిలికా గట్టున మంచె

మన పూర్వులు జొన్నచేలలో మంచెలు వేసినది పిట్టలను తోలుటకు. నేడు చిత్తడినేలల చెంత మంచెలు వేయుచున్నది పిట్టలను చూచుటకు. ప్రయోజనము తలక్రిందులైనది గాని, చేనికి చేటు కలుగకుండ మంచె వేయుట యను పాతనీతి మాత్రము మారరాదని మా యభిప్రాయము.

మన గంజాం జిల్లా కంటియున్న చిలికా సామాన్యమైన సరస్సు కాదు. వానకాలమున సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు, వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు వ్యాపించును. 1981లో రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో చేరినది. మేట వేసి, ఉప్పదనము తగ్గి చెడిపోవుటచే 1993లో ఆపదనున్న సరస్సుల జాబితా కెక్కినది. 2000 సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త ముఖము త్రవ్విన పిమ్మట కోలుకొని, 2002లో ఆ జాబితానుండి బయటపడినది. ఇట్లు దక్కించుకొన్న దానిని వేడుక పేర మరల చెరుపుకొనరాదు గదా!

మంచె యనగానే ఎత్తుగా నుండవలెనని చాలమంది తలంతురు. మేము తెలుగు చెప్పువారమే గాని ఇంజనీర్లము కాము. అయినను లెక్క సులభము. సమతలమున 6 మీటర్ల ఎత్తునుండి చూచిన దిగంతము సుమారు 8.7 కిలోమీటర్ల దూరమున నుండును. ఆ దూరము రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగు రెట్లు, అనగా 24 మీటర్లు కావలెను. అంత కట్టియు లాభమేమి? దుర్భిణి పట్టినను బాతు జాతిని నిశ్చయముగ గుర్తింపగలుగునది కొన్ని వందల మీటర్లలోనే. శిక్షణకై ఆంధ్రదేశమున నున్నపుడు మేము నేలపట్టును చూచితిమి. అచట గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టును గనుక ఎత్తునకు పని యున్నది. చిలికాలోనో, పక్షులు నీటిపైనను బురదపైనను మేయును. కావున ఒకచోటి మంచెను చూచి వేరొకచోట కట్టరాదు. ఇచ్చట 5, 6 మీటర్లు చాలును.

ఇక సామగ్రి. సిమెంటుతో కట్టిన నూరేండ్లుండును గదా యని కొంద రందురు. ఉప్పుగాలికి లోపలి యినుము త్రుప్పుపట్టి ఉబ్బును, సిమెంటు పగులును. శిథిలమైన దానిని తొలగించుటయు కష్టమే. మన తీరమున సరుగుడు కావలసినంత యున్నది. కఱ్ఱ పుచ్చునది నీరును గాలియు కలియు చోట. అందుచే నీటికి పైన నిలుచు చిన్న దిమ్మెలపై గుంజలను నిలిపి బోల్టులతో బిగించిన, పుచ్చిన గుంజ నొక్కదానినే మార్చుకొనవచ్చును. మంచె చెక్కుచెదరకుండుటకంటె, చెడినచో ఊరివడ్రంగి బాగుచేయగలుగుటయే మేలు.

గాలిని మరువరాదు. 2013 అక్టోబరు 12న గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్ల వేగముతో వీచినది. గాలి వేగము రెట్టింపైన దాని త్రోపు నాలుగు రెట్లగును. కావున ప్రక్కల తడికలు విప్పుటకు వీలుగ కట్టి, తుపాను హెచ్చరిక రాగానే దించవలెను. చదునునేల మీద మంచెయే ఎత్తైనది గనుక పిడుగుకడ్డీ తప్పనిసరి. ఉరుము వినిన వెంటనే దిగవలెను.

స్థలనిర్ణయము అన్నిటికంటె ముఖ్యము. 15.53 చదరపు కిలోమీటర్ల నలబణ దీవి పక్షుల రక్షితస్థలము. వానకాలమున మునిగి, శీతకాలమున తేలి, హిమాలయములు దాటివచ్చు చారలతల బాతులకు మేత నిచ్చును. జనులకై మంచె అట్టిచోట కాక గట్టుననే యుండవలెను. తూర్పుగట్టున నున్న ఉదయమున సూర్యుడు వీపువైపు నుండును, చూపు స్పష్టము. ఆకాశమునకు ఎదురుగ మనిషి ఆకారము కన్పడగనే పక్షి బెదరును గనుక పైన తాటాకు కప్పు, దారి పొడవున తడికల చాటు కావలెను. పక్షులు అక్టోబరు మొదలు మార్చివరకు నుండును. కట్టడపు పని వేసవిలోనే ముగింపవలెను.

ఇందు మన పిల్లల కేమి యని తల్లిదండ్రు లడుగవచ్చును. ఖుర్దా జిల్లాలోని మంగళాజోడిని చూడుడు. ఒకప్పుడు పక్షులను వేటాడిన వారే నేడు వానికి కావలివారై, గడలతో పడవలు నడుపుచు యాత్రికులకు పిట్టలను చూపి జీవించుచున్నారు. మదరాసు-హౌరా రైలుమార్గము చిలికా యొడ్డుననే పోవుచున్నది. విశాఖ, శ్రీకాకుళముల నుండి రాదలచువారికి దారి సుగమము. ఒడియాలో అధికారులతోను, తెలుగులో యాత్రికులతోను మాటలాడగలవారు మన పిల్లలు కాక మరెవరు? రెండు భాషలు బరువని విచారించువారు ఈ సంగతి యోచింపవలెను. మంచెపై పక్షుల పేర్ల పలక ఒడియాతోబాటు తెలుగున నుండవలెనని మనము కోరుట న్యాయమే.

కాని పలకపై వ్రాయుటకు పేర్లు మనకు తెలియవలెను గదా! ఒడియావారు నోలియాలని పిలుచు మన తెలుగు జాలరుల వృద్ధులకు తెలిసిన పిట్టల పేర్లు పుస్తకముల కెక్కక పూర్వమే మరుగుపడు ప్రమాదమున్నది. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తాతలను, అమ్మమ్మలను అడిగి ఆ పేర్లు వ్రాసికొని రండు. మంచె కట్టుట ప్రభుత్వమునకు చెల్లును. దానిపై నిలిచి చూచినదానికి పేరు పెట్టి పిలుచుట మాత్రము మనకే చెల్లును.