ఇంజను దాహము

హైదరాబాదు చౌమహల్లా రాజభవనమందు నిజాము ప్రభువుల 1912 నాటి రోల్సు రాయిసు ‘సిల్వర్ ఘోస్ట్’ కారు కలదు. దాని యింజనునకు 6 సిలిండర్లు. పరిమాణము ఇంచుమించు 7.4 లీటర్లు. ఎంత ఘనమైన యింజనయినను, మండెడి పెట్రోలు వేడిమిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. కొంత పొగతో పోవును. కొంత నీరు గ్రహించి, రేడియేటరునందు గాలి కప్పగించును. నీరు కారినను, పంపు చెడినను, గొట్టము పగిలినను ఇంజను కాగిపోవును. నేటి విలువగల కార్లకును ఈ రోగము తప్పలేదు.

మొన్న సాలూరు ఘాటు ఎక్కుచుండగా మా బాడుగ కారునుండి ఆవిరి లేచినది. డ్రైవరు తొందరపడి రేడియేటరు మూత త్రిప్పబోయెను. మా చిన్నవాడు వింత చూడ దగ్గఱ నిలిచియుండెను. మేము బిడ్డను వెనుకకు లాగి, “వలదు నాయనా!” అని వారించితిమి. ప్రెషరు కుక్కరు నెఱిగినవారము గదా! ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలు దాటినను మరుగదు. మూత తీసినంతనే ఒక్కుమ్మడిగా మరిగి మొగమునకు చిమ్మును.

కావున బండి నాపి, ఇంజను నార్పి, పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూత తీయవలయును. ఇది మగవారి పనియని మనము మౌనము వహింపరాదు. వంటయింటి యెఱుక వీథిలోను బిడ్డలను కాచును.